టైంటేబుల్‌లో అత్తయ్య

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. నర్సులకూ, గేటు దగ్గర కాపలా మనిషికీ, చివరికి పెద్ద డాక్టరుగారికి కూడా ఆమె దుప్పట్ల అక్కే. పదిహేనేళ్ళుగా ఆ భవనం వెనకవైపు లాండ్రీలో రోగుల దుప్పట్లు ఉతుకుతోంది. ఏ వార్డు దుప్పటి ఏదో అంచు పట్టుకుని చెప్పేస్తుంది. కాన్పుల వార్డు నుంచి వచ్చిన మూటలయితే ఒక్క క్షణం ఎక్కువసేపు చేతిలో ఉంచుకుని మెషిన్‌లో వేస్తుంది. ఆమెకు పిల్లలు నిలవలేదు. భర్త పోయి ఆరేళ్ళు. ఇంట్లో మిగిలింది తనూ, తుంటి విరిగి మంచాన పడ్డ అత్తయ్యా.

ముప్పై తొమ్మిదో ఏట ఆమె పదో తరగతి పుస్తకాలు పట్టుకుంది. సరదాకి కాదు. లాండ్రీలోని వేడి ఆవిరీ, బ్లీచింగ్ ఘాటూ ఆమె ఊపిరితిత్తుల్లో చేరిపోయాయి. మెట్లెక్కితే పిల్లి కూత వినిపించేది. ఛాతీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, “అక్కా, ఈ గదిలో ఇంకో రెండేళ్ళు పనిచేశావంటే ఆ తర్వాత నీ దుప్పటి ఇంకొకళ్ళు ఉతకాలి” అన్నాడు. మాట మోటుగా అన్నా మనసు మంచిది. వార్డు సహాయకుల ఉద్యోగాలు పడుతున్నాయని కనుక్కుని చెప్పింది ఆయనే. పదో తరగతి పాసవ్వాలి, నలభై దాటకూడదు. పరీక్షలకు ఐదు నెలలుంది. తప్పితే మళ్ళీ ఆరు నెలల దాకా పరీక్ష లేదు, అప్పటికి ఆమెకు నలభై నిండిపోతాయి. అంటే ఉన్నది ఒక్కటే అవకాశం.

ఆ సాయంత్రం పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారి దగ్గరకు వెళ్ళింది. ఆయన బడి నుంచి రిటైరై చాలాకాలమైంది. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే మనిషి.

“ముందు టైంటేబుల్ వేద్దామమ్మా. చదువంటే పుస్తకం కాదు, వేళ. రోజుకి నీ చేతిలో ఎంత టైం ఉంటుంది?” అన్నాడు.

“నాలుగు మెషిన్లు మాస్టారూ.”

“నాలుగు మెషిన్లేమిటి? నేనడిగింది టైం!”

“ఒక్కసారి మెషిన్ తిరగడానికి నలభై రెండు నిమిషాలు పడుతుందండీ. నానడం, ఉతకడం, జాడించడం, పిండడం. మధ్యాహ్నం లోపు రెండు, తర్వాత రెండు. అది తిరిగినంతసేపూ మడతలు పెట్టాలి. నా వంతు మడతలు కూడా తను పెడతానంది పెద్దమ్మ.”

పెద్దమ్మ అంటే లాండ్రీలో మడతల బల్ల దగ్గర పనిచేసే ముసలావిడ. మాస్టారు కళ్ళజోడు కిందికి దించి ఆమెను కొత్తగా చూశాడు.

“నలభై రెండంటే ముప్పై అనుకో. మిగతా పన్నెండూ దేవుడివి. మనం వేసే లెక్కలో ఆయనక్కూడా కాస్త చోటుంచాలి” అంటూ పాత క్యాలెండరు కాగితం తిరగేసి, స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. పొద్దున ఐదు నుంచి ఆరున్నర లెక్కలు, ఎందుకంటే అప్పుడు బుర్ర తేటగా ఉంటుంది. మెషిన్ వేళల్లో సైన్సు, సోషలు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మళ్ళీ లెక్కలు, ఒకరోజు విడిచి ఒకరోజు భాషలు. ఆదివారం పొద్దున ఆ వారం చదివిందంతా చూడకుండా రాయడం. రాత్రి చదువు లేదు. “నిద్రని దొంగిలించినవాడు మర్నాడు దొరికిపోతాడు” అన్నాడు.

“ఇంటిపని?” అని మళ్ళీ ఆయనే అడిగాడు.

“వంట పొద్దున్నే అయిపోతుందండీ. అత్తయ్యకి పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర. పడుకోబోయే ముందు ఇంకోసారి.”

మాస్టారు ఆ మూడు గళ్ళలో ‘అత్తయ్య’ అని రాశాడు. పగలు తన భార్య వెళ్ళి చూసుకుంటుందని మాట కూడా ఇచ్చాడు. ఇద్దరికీ ఆ కాగితం ముచ్చటగానే కనిపించింది. అందులోని లోపం ఇద్దరికీ కనబడలేదు.

ఇంటికి తెచ్చి అత్తయ్య మంచానికెదురుగా గోడకు అంటించింది. ఉన్నది ఒకటే గది. ఈ మూల పొయ్యి, ఆ మూల కిటికీ కింద మంచం, మధ్యలో చదువుకునే పీట. అత్తయ్యకు అక్షరం ముక్క రాదు, నాలుక మాత్రం నాలుగు బడుల పెట్టు.

“ఏమిటే అది?”

“టైంటేబుల్ అత్తయ్యా.”

“జుట్టు నెరిశాక జడగంటలు కట్టించుకున్నట్టుంది. ఏదీ, చదువు.”

అక్క మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది.

“నేనెక్కడున్నానే అందులో?”

“ఇదిగో, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ.”

“అంటే మిగతా టైములో నేను లేనన్నమాట. సరే, బాగుంది. కొత్త పెద్దమనిషిని తెచ్చావుగా ఇంటికి. ఇకమీదట ఆయన చెప్పినట్టే నడుచుకుందాం” అని గోడ వైపు చెయ్యెత్తి దండం పెట్టింది. అక్క నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది.

మొదటి వారం పెద్దమనిషి మాట సాగలేదు. సాయంత్రం ఏడింటికి అక్క ఒక సమీకరణం మీద కుస్తీ పడుతోంది. ఎడమ వైపున్నది కుడి వైపుకు వస్తే గుర్తు ఎందుకు మారుతుందో అప్పుడప్పుడే తలకెక్కుతోంది.

“అమ్మాయ్, కాస్త లేపవే. బాత్రూంకి వెళ్ళాలి.”

లేచింది. మంచం మీంచి లేపి, భుజం మీద బరువు వేయించుకుని, అడుగులో అడుగు వేయించి, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేసరికి ఇరవై నిమిషాలు. పీట దగ్గరికొచ్చి చూస్తే ఆ సమీకరణం ముక్కూ మొహం తెలియనిదైపోయింది. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. రెండ్రోజుల తర్వాత మళ్ళీ అలాగే జరిగింది. రెండుసార్లూ అక్క ఒక్క మాటనలేదు. విసుక్కునే మనిషి కాదు. కాకపోతే పీట మీద కూర్చుంటూ ఒక నిట్టూర్పు విడిచింది. విడిచినట్టు తనకే తెలియదు.

ఆ తర్వాత అత్తయ్య పిలవడం మానేసింది.

అక్కకు అది వరంలా అనిపించింది. అత్తయ్యకు గళ్ళన్నీ కంఠతా వచ్చేశాయి. పక్క వాటాలో మాస్టారు రేడియో పెట్టగానే, “ఆరున్నరయింది, వెళ్ళు, పెద్దమనిషి చూస్తున్నాడు” అని తనే తరిమేది. ఎనిమిదిన్నర దాకా ఆ మూల నుంచి చప్పుడు ఉండేది కాదు. పొద్దున ఐదింటికి అక్క పీట మీద కూర్చునే వేళకు కళ్ళు మూసుకునే ఉండేది.

“మీ అత్త నోరు తగ్గిందంటే దేవుడు నీ మొర ఆలకించాడన్నమాటే” అంది మడతల పెద్దమ్మ, అక్క వంతు దుప్పట్లు కూడా తన ముందుకు లాక్కుంటూ. ఆమె చేతులు కీళ్ళవాతంతో వంకరపోయాయి. అయినా ఐదు నెలల్లో ఒక్కరోజు కూడా ‘ఇవాళ నావల్ల కాదు’ అనలేదు. మెషిన్ ఆగే ముందు బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి, “లేమ్మా, భూగోళం ఆపెయ్” అనేది. సూపర్వైజరు వచ్చినా, మూట మీద కూర్చుని చదువుతున్న మనిషిని చూడనట్టు పైకప్పు చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. “ఈ ఫ్యానుకి బూజు పట్టింది” అని ఒకసారి పైకే అన్నాడు కూడా. ఆ గదిలో ఫ్యానే లేదు.

అక్క రోజూ నిద్రపోయే ముందు చేతులు జోడించి, ఇంతమంది మంచితనాన్ని తన చుట్టూ పేర్చినందుకు దేవుడికి దండం పెట్టుకునేది. అత్తయ్యను శాంతంగా ఉంచినందుకు ఇంకో దండం విడిగా పెట్టేది.

అత్తయ్య పెదవులు పొరలు రేగుతుంటే, “ఎండిపోతున్నాయేం అత్తయ్యా?” అని అడిగింది ఒకసారి. “గాలే. నీ పని నువ్వు చూసుకో” అంది. పొద్దునా సాయంత్రం మంచం పక్కన చెంబు నిండా నీళ్ళు పెట్టేది అక్క. తిరిగి చూసేసరికి చెంబు ఖాళీగా ఉండేది. తాగుతోందనే అనుకుంది. ఖాళీ చెంబును చూసి ఇంకేమనుకుంటారు ఎవరైనా?

పరీక్షలకు పన్నెండు రోజులుంది. ఆ సాయంత్రం వృత్తాల అధ్యాయం. కదలకుండా కూర్చుని, ఒక్క తప్పూ లేకుండా ఏడు లెక్కలు వరసగా చేసింది. అంత సుఖంగా ఎన్నడూ చదువు సాగలేదు. ఎనిమిదిన్నరకు పుస్తకం మూసి, “అత్తయ్యా, ఇవాళ ఏడూ వచ్చాయి!” అంటూ మంచం దగ్గరికి వెళ్ళింది.

అత్తయ్య ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మంచం కోళ్ళు కదిలేంత వణుకు. దుప్పటి చెంగు పళ్ళ మధ్య కరుచుకుని ఉంది, చప్పుడు బయటికి రాకుండా.

“ఎప్పట్నుంచి? అత్తయ్యా, ఎప్పట్నుంచి ఇలా?”

చెంగు నోట్లోంచి తీయించాక చెప్పింది. “నువ్వు కూర్చున్న కాసేపటికే మొదలైంది.”

మాస్టారు ఆటో పిలుచుకొచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు పరీక్షలు చేయించి, మర్నాడు అక్కను వరండాలోకి పిలిచాడు. “మూత్రంలో చీము పట్టింది అక్కా. కిడ్నీల దాకా పాకింది. ఎన్నాళ్ళుగానో నీళ్ళు తాగుతున్నట్టు లేదే ఈవిడ? వచ్చినదాన్ని కూడా గంటలకు గంటలు ఆపుకుంటే ఇంతే.”

“నీళ్ళు తాగుతుందండీ. రోజూ రెండు చెంబులు నేనే పెడతాను” అంది అక్క.

పక్కనే నిలబడ్డ మాస్టారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అమ్మాయీ... మీ అత్త రోజూ చెంబు కిటికీలోంచి వంపేస్తుంది. కింద ఏదో మొక్క ఉందేమో, దానికి పోస్తోందనుకున్నానే తల్లీ. అడగాలని నాకు తోచలేదు. పగలు కూడా ఒక్కసారి లేపితే చాలంటుంది. మొహమాటమేమో అనుకున్నాను.”

అక్క లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. అత్తయ్య కింద పరిచింది తను మొన్న ఉతికిన దుప్పటే.

“ఎందుకిలా చేశావు అత్తయ్యా?”

“తాగితే లేవాలి. లేవాలంటే నిన్ను పిలవాలి.”

“పిలిస్తే రానా? ఎప్పుడైనా కాదన్నానా?”

“కాదనలేదమ్మా. నువ్వెప్పుడూ ఏమీ అనవు.” అత్తయ్య కాసేపు ఊపిరి తీసుకుంది. “వెళ్ళి కూర్చునేటప్పుడు ఊపిరి విడిచావు. రెండుసార్లు. మావాడు పోయినప్పుడు కూడా నువ్వలా విడవలేదు. పాపం, దీనికి లెక్క చెదిరిందే అనుకున్నాను. ఐదు నెలలేగా, దప్పిక కాచుకోలేనా?”

అక్క ఏడవలేదు. ఏడుపు రానంత లోతున తగిలింది ఆ మాట. తను విడిచిన సంగతే తెలియని ఊపిరిని ఈవిడ ఐదు నెలలు మోసింది. అత్తయ్యను శాంతంగా ఉంచావని రోజూ తను దేవుడికి పెట్టిన ఆ విడి దండం గుర్తొచ్చి, ఆ రోజు చేతులు జోడించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

అత్తయ్య కోలుకోలేదు. జ్వరం తగ్గింది కాని కిడ్నీలు మొరాయించాయి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడం లేదు, కాళ్ళు దిమ్మల్లా ఉబ్బాయి. డాక్టరు నీళ్ళు కట్టడి చేశాడు, గంటకు రెండు చెంచాలు, అంతే. చెంబులకు చెంబులు కిటికీలోంచి వంపేసిన మనిషి ఇప్పుడు చెంచా కోసం నోరు తెరిచి చూసేది. కాని అడిగేది కాదు. అక్క గడియారం చూసుకుని, గంట గంటకూ తన చేత్తో పోసేది.

పరీక్షకు వెళ్ళనంది అక్క. అత్తయ్య మొహం గోడ వైపు తిప్పుకుంది. “వెళ్ళకపోతే నేను నోరెండగట్టుకున్నది దేనికే? ఊరికే చచ్చానంటారు నన్ను.”

దాంతో వెళ్ళింది. పెద్దమ్మ సెలవు పెట్టి మంచం దగ్గర కూర్చుంది. మాస్టారు పరీక్ష కేంద్రం దాకా తీసుకెళ్ళి, బయట చెట్టు కింద గొడుగేసుకుని నిలబడేవాడు. భాషలు రెండూ, సైన్సు, సోషలు అయ్యాయి. మెషిన్ చప్పుడులో చదివినవన్నీ మెషిన్ చప్పుడుతో సహా గుర్తొచ్చాయి. బాగానే రాసింది.

చివరిది లెక్కలు. ఆ పొద్దున అత్తయ్యకు మగతగా ఉంది. పిలిస్తే ఆలస్యంగా కళ్ళు తెరుస్తోంది. “ఇవాళ్టితో అయిపోతుందిగా?” అంది. అవునంది అక్క.

హాల్లో మూడు గంటల టైము, పది నుంచి ఒంటిగంట వరకు. మొదటి గంట చెయ్యి ఆగకుండా సాగింది. సమీకరణాలు కుదిరాయి. పదకొండింటికి నీళ్ళ మనిషి బిందె పట్టుకుని వరసల మధ్య తిరిగింది. “నీళ్ళు కావాలా అమ్మా?” అని గ్లాసు చాపింది. అక్క వద్దంది. అక్కణ్ణుంచి ఆమె కన్ను గడియారం మీదకు పోవడం మొదలైంది. పదకొండింటి చెంచాలు పోసి ఉంటుందా పెద్దమ్మ? పోస్తుంది, నమ్మకమైన మనిషి. కాని కునుకు పడితే? అత్తయ్య లేపదు. అడగదు. ఆ నోరు అడగదు.

పన్నెండయింది. నీళ్ళ మనిషి మళ్ళీ వచ్చింది. పన్నెండున్నరకు అక్క ముందు మిగిలినవి మూడు లెక్కలు. మూడూ వృత్తాల మీద. ఆ సాయంత్రం వరసగా చేసిన ఏడింటి లాంటివే. ప్రశ్న చదువుతుంటేనే జవాబు కనిపిస్తోంది. కాని ఆ బొమ్మ గీయబోతే వృత్తం పక్కన దుప్పటి చెంగు కరుచుకున్న మొహం కనిపించింది. ఎనిమిదిన్నర దాకా తను తలెత్తి చూడని మొహం. ఇవాళైనా తలెత్తాలి అనిపించింది.

లేచి పేపరు ఇచ్చేసింది.

“ఇంకా అరగంటుందమ్మా, కూర్చోండి” అన్నాడు హాలు మాస్టారు.

“చాలండి” అంది అక్క.

పరుగులాంటి నడకతో, మెట్ల మీద పిల్లికూతతో వార్డుకు చేరేసరికి పెద్దమ్మ నిటారుగా కూర్చుని ఉంది, చేతిలో చెంచాతో. పన్నెండింటి చెంచాలూ పోసింది. ఒంటిగంట కోసం ఎదురుచూస్తోంది. కునుకు మాట దేవుడెరుగు, ఆమె వీపు కుర్చీకి కూడా ఆనించలేదు.

అత్తయ్య కళ్ళు తెరిచింది. “అయిపోయిందా?”

“అయిపోయింది అత్తయ్యా.”

“అన్నీ రాశావా?”

అక్క చెంచాలో నీళ్ళు తీసుకుంటూ, “అన్నీ” అంది.

“అయితే ఇంటికెళ్ళి ఆ పెద్దమనిషిని గోడ మీంచి దింపెయ్. పాపం, నిలబడి నిలబడి ఆయనకీ కాళ్ళు వాచి ఉంటాయి.”

అదే ఆవిడ ఆఖరి హాస్యం. నాలుగో రోజు తెల్లవారుతుండగా, అక్క చెయ్యి పట్టుకునే ఉండగా, పోయింది. ఆ దుప్పటిని అక్క వేరే ఎవరికీ ఇవ్వలేదు. తనే ఉతికింది. నలభై రెండు నిమిషాలూ మెషిన్ ముందు నిలబడే ఉంది.

రెండు నెలలకు ఫలితాలొచ్చాయి. నాలుగు పేపర్లు పాసు. లెక్కల్లో ముప్పై ఐదు రావాలి, ముప్పై ఒకటి వచ్చాయి.

ఆ సాయంత్రం మాస్టారు తనే వచ్చాడు. కళ్ళజోడు సరిగ్గా కళ్ళ మీదే ఉంది. చేతిలో ప్రశ్నాపత్రం, పెన్సిలు. గుమ్మంలోనే కూర్చుని ఒక్కో ప్రశ్నా అడుగుతూ పోయాడు. ఇది రాశావా, ఇది ఎలా చేశావు, ఇక్కడ గుర్తు మార్చావా. ఆమె చెప్పినవాటికి టిక్కు పెట్టుకుంటూ వచ్చి చివరి పేజీ దగ్గర ఆగాడు.

“ఈ మూడూ?”

“రాయలేదు మాస్టారూ.”

“వృత్తాలమ్మా ఇవి! ఇవి నీకు నీళ్ళు తాగినంత...” అని, నోట్లోంచి వచ్చిన మాటకు తనే బిత్తరపోయి ఆపేశాడు. పెన్సిలు జేబులో పెట్టుకుంటూ గొణిగాడు. “టైం చాలలేదన్నమాట. తప్పు నాది. ఒక్కసారైనా గడియారం ముందు పెట్టి మూడు గంటలు రాయించలేదు నిన్ను. ముప్పై నిమిషాల ముక్కలుగా చదివించాను. ఆ టైంటేబుల్ నేనే గీశాను. అన్నిటికీ నేనే...” అన్నిటికీ అన్న మాటలో లెక్కలు మాత్రమే లేవని ఇద్దరికీ తెలుసు.

టైం చాలలేదంటే సరిపోయేది. ఆయన ఆ తప్పును పరీక్ష వరకే కట్టుకుని ఇంటికెళ్ళేవాడు. కాని తను విడిచిన ఊపిరిని ఇంకొకళ్ళు మోస్తే ఏమవుతుందో ఆమె చూసింది. ఇంకో ముసలి మనిషి మీద బరువు పెట్టలేకపోయింది.

“టైం చాలింది మాస్టారూ. అరగంట ముందే లేచి వచ్చేశాను. పేపర్లో తప్పేం లేదు. టైంటేబుల్‌లో కూడా లేదు. అత్తయ్యకి మూడు గళ్ళు చాలునని చెప్పింది నేనే కదా.”

మాస్టారు ప్రశ్నాపత్రం మోకాలి మీద పరుచుకుని, చివరి పేజీ తిప్పి, పెన్సిలు మళ్ళీ తీసి ఆమెకు అందించాడు. ఆమె అక్కడే గుమ్మం మీద కూర్చుని, పేపరు అంచున ఖాళీలో మూడు లెక్కలూ చేసింది. పావుగంట కూడా పట్టలేదు. ఆయన ఒక్కో మెట్టూ వేలితో చూసుకుంటూ పోయాడు.

“మూడూ సరైనవే” అన్నాడు.

“తెలుసండీ.”

ఆయన గోడ పట్టుకుని లేచాడు. పడిపోతాడేమోనని ఆమె మోచేయి పట్టుకుని ఆయన వాటా గుమ్మం దాకా దింపి వచ్చింది. మెట్టు మెట్టుకీ ఆమె ఛాతీలో ఆ కూత వినిపిస్తూనే ఉంది. రేపు పొద్దున ఎనిమిదింటికి మొదటి మెషిన్ వెయ్యాలి.